గోరింక ఈకలో సీసం

నర్మెట్ట దాటాక రోడ్డు పక్కన ఒక చింతతోపు ఉంది. సాయంత్రమైతే చుట్టుపక్కల గోరింకలు, కాకులు అక్కడికి చేరతాయి. పొద్దున్నే వెళ్లి ఆ చెట్ల కింద రాలిన ఈకలు ఏరుకోవడం కొన్నాళ్లు నా పని. చేతులకు తొడుగులు వేసుకుని, పట్టకారుతో ఒక్కొక్క ఈకను ఎత్తి కాగితం కవరులో వేసేదాన్ని. ఒకరోజు అలా వంగి ఏరుతుంటే పత్తి చేనుకు పోతున్న ఆడవాళ్లు ఆగిపోయి నన్ను చూశారు. వాళ్లలో పెద్దావిడ దగ్గరికి వచ్చింది.

“ఏంది బిడ్డా, కాకి ఈకెలు ఏం జేసుకుంటవ్?” అని అడిగింది.

జనగామలో డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తానని, గాలిలోనో నీళ్లలోనో విషం కలుస్తోందా అని పిట్టల ఈకలను బట్టి చూస్తున్నామని చెప్పాను. ఆమె నా ముఖం చూసింది, తొడుగులు చూసింది, కవరు చూసింది. కాస్త దూరం పోయాక వాళ్లలో ఒకామె వెనక్కి తిరిగి నా వైపు ఉమ్మేసింది.

మళ్లీ వెళ్లేసరికి తోపు దగ్గర ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. ఏ పనీ లేదు, ఊరికే కూర్చున్నారు. నేను ఎటు కదిలితే అటు చూస్తున్నారు. కాకి ఈకలు ఆడమనిషి చేతిలో కనిపిస్తే మా వైపు జనం ఏమనుకుంటారో నాకు తెలియనిది కాదు. మంత్రాలు చేస్తోందని ఆడవాళ్లను కొట్టిన సంగతులు వింటూ పెరిగినదాన్నే. ఆ రోజు ఈకలు ముట్టకుండా తిరిగి వచ్చేశాను. తర్వాత కాలేజీ గుర్తింపు కార్డు మెడలో వేసుకుని ఊరి సర్పంచును కలిశాను. ఆయన నాకు చాయ్ పోయించి అంతా విన్నాడు గానీ నమ్మలేదు. “ముందుగాల పిట్టలంటరు మేడం, ఎనుకకెళ్లి భూములంటరు” అన్నాడు, నవ్వుతూనే. ఏదో కంపెనీ కోసం సర్వే చేస్తున్నానని ఆయన అనుమానం. అయినా ఈకలు ఏరుకోనిచ్చాడు.

ఈ పని నాకు ఎవరూ అంటగట్టలేదు. పీహెచ్‌డీ కోసం నేనే ఎంచుకున్నాను. ఈక పెరుగుతున్నన్నాళ్లూ దానికి రక్తం అందుతుంది. ఆ రక్తంలో సీసం ఉంటే ఈకలోకి చేరి అక్కడే ఉండిపోతుంది. పెరగడం ఆగిపోయాక రక్తం కూడా ఆగిపోతుంది. కనుక రాలిన ఈకను శుభ్రంగా కడిగి, ఆమ్లంలో కరిగించి, యంత్రంలో పెట్టి చూస్తే ఆ పిట్ట ఎలాంటి చోట తిని తాగి బతికిందో తెలుస్తుంది. పిట్టను పట్టుకోనక్కర్లేదు, చంపనక్కర్లేదు. నేను ముఖ్యంగా గోరింకను ఎంచుకున్నాను. అది దూరం పోదు. మన పెరట్లో పురుగులు ఏరుకుని తింటుంది, మన గోడ తొర్రలోనే గూడు పెడుతుంది.

చోట్లు కూడా నేనే ఎంచుకున్నాను. నర్మెట్ట వైపు ఎంచుకోవడానికి కారణం ఒక షెడ్డు. ఎత్తైన రేకుల ప్రహరీ, బోర్డు లేదు, గేటు ఎప్పుడూ మూసే ఉంటుంది. సాయంత్రాలు లారీలు వచ్చి పోతాయి. లోపల ఏం చేస్తారని కాపలా మనిషిని అడిగితే కోళ్ల దాణా గోదామన్నాడు. దాణా వాసన నాకు తెలుసు. అక్కడ వచ్చేది దాణా వాసన కాదు, కాలిన రబ్బరు వాసన. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తున్నారని నా మనసులో ఖాయమైపోయింది. ఈకలు వచ్చి సాక్ష్యం చెప్పడమే తరువాయి అనుకున్నాను. రెండో చోటు మహబూబాబాద్ దగ్గర మిరప చేల మధ్య ఒక ఊరు. అక్కడి రైతులు నన్ను పురుగుమందుల కంపెనీ మనిషినని అనుకుని మొదట్లో మాట్లాడనే లేదు. మూడోది కాటారం. అడవి అంచు, వరి పొలాలు, ఫ్యాక్టరీ అన్నది లేదు. మిగతా రెండు చోట్లతో పోల్చి చూడటానికి శుభ్రమైన చోటు ఒకటి కావాలి. పైగా అది నేను పుట్టిన ఊరు. అక్కడ ఈకలు ఏరుకుంటే ఎవరూ అడ్డుకోరనుకున్నాను.

కాటారంలో నన్ను కన్న అవ్వ, అన్న, వదినె ఉంటారు. అన్నకు మెయిన్ రోడ్డు మీద ట్రాక్టర్ల రిపేరు షాపు. పెద్ద కొడుకు హాస్టల్లో చదువుతున్నాడు. చాలా ఏళ్ల తర్వాత పుట్టిన బిడ్డ ఒకతి, అప్పుడే బడికి పోవడం మొదలుపెట్టింది. అన్నకు ఆ పిల్ల అంటే ప్రాణం. మా ఇంటి వెనక గోడ తొర్రల్లో గోరింకలు ఎప్పటినుంచో గూళ్లు పెడుతున్నాయి. నేను వెళ్లినప్పుడల్లా పిల్ల నా వెంటే తిరిగి, “అత్తా, గీడొకటి ఉన్నది” అంటూ ఈకలు చూపించేది.

వానాకాలం చివర్లో వెళ్లినప్పుడు పిల్ల నా దగ్గరికి రాలేదు. అరుగు మీద ముడుచుకుని పడుకుని ఉంది. కడుపు నొస్తోందని ఏడుస్తోందని, తిండి తినడం లేదని, ఊరికే చిరాకు పడుతోందని వదినె చెప్పింది. కంటి కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. నట్టల మందు వేశారు, టానిక్కు తాగించారు, మెడలో తాయెత్తు కూడా కట్టించారు. ఏదీ పని చేయలేదు. బడిలో చెప్పింది పిల్లకు గుర్తుండటం లేదని టీచరు కూడా అన్నదట.

ఆ రోజు మధ్యాహ్నం వదినె నాతో సరిగా మాట్లాడలేదు. అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు. పక్కింటి ఆడవాళ్లు గోడ మీది నుంచి చూస్తున్నారు. భోజనం అయ్యాక కిటికీ దగ్గర పెట్టిన నా కవర్ల కోసం చూస్తే కొన్ని లేవు. అవ్వను అడిగితే పొయ్యి వైపు చూసి తల దించుకుంది. వదినె వాటిని పొయ్యిలో వేసేసింది.

ఎందుకు కాల్చావని అడిగాను. వదినె తడబడలేదు.

“నువ్వు గీ ఈకెలు ఏరవట్టినకాంచే పోరికి బాగుంటలేదు. అందరు గదే అంటున్రు. నేను ఒక్కదాన్నే అంటలేను” అంది.

నర్మెట్టలో ఉమ్మేసిన ఆడమనిషి పరాయిది. ఈమె పెళ్లయి వచ్చిన నాటి నుంచి నా తల దువ్వి జడ వేసిన మనిషి. నేను పిల్లకు ఏదో చేస్తున్నానని ఆమె పూర్తిగా నమ్మిందని కాదు. కానీ కాదని కూడా అనుకోలేకపోయింది. మిగిలిన కవర్లు సంచిలో వేసుకుని భూపాలపల్లి బస్సెక్కాను. దారంతా నాకూ ఆమె మీద కోపం, అనుమానం. నేను వెళ్లినప్పుడల్లా ఆ సంచి ముట్టుకుంటోందా, ఇంకా ఏమేం చేసిందో అని.

మూడు చోట్ల ఈకలనూ హైదరాబాదు ల్యాబుకు పంపాను. కొన్నాళ్లకు అక్కడి నుంచి నా పీహెచ్‌డీ గైడు మేడం ఫోన్ చేసింది. నర్మెట్ట గోరింకలకూ మహబూబాబాద్ గోరింకలకూ చెప్పుకోదగ్గ తేడా లేదని, రెండు చోట్లా సీసం మామూలుగానే ఉందని చెప్పింది. కాటారం ఈకల్లో మాత్రం చాలా ఎక్కువ ఉందట. “నువ్వు కవర్లు మార్చేసి ఉంటావు, ఒకసారి చూసుకో” అంది.

నేను నమ్మలేదు. మొదట ల్యాబువాళ్లను అనుమానించాను. నర్మెట్ట ఈకలకు కాటారం పేరు పెట్టేసి ఉంటారనుకున్నాను. కవర్ల మీద రాత నాదే, ఆ రాతలో పొరపాటు లేదు. తర్వాత వదినెను అనుమానించాను. దిష్టి తీయడానికి కవర్లలో సింధూరం చల్లి ఉంటుందని తోచింది. కొన్ని రకాల సింధూరంలో సీసం ఉంటుంది. ఆ ఊహ రాగానే మనసు తేలికపడింది. తప్పు ఆమెదైతే నా ఊరు శుభ్రంగా ఉంటుంది.

ఈసారి చెప్పకుండా కాటారం వెళ్లాను. ఇంటికి పోకముందే బస్టాండు దగ్గర చెట్ల కింద కొన్ని ఈకలు ఏరాను. ఊరి అవతల అడవి అంచున కొన్ని ఏరాను. చివరికి మా పెరట్లోవి ఏరి, అన్నిటినీ వేర్వేరు కవర్లలో పెట్టి, నా నడుముకు కట్టుకున్న సంచిలోనే ఉంచుకున్నాను. వదినె కంట కూడా పడనివ్వలేదు. ఆ రోజే తిరిగి వచ్చి హైదరాబాదుకు స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను.

ఫలితం మేడం ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. అడవి అంచు ఈకల్లో దాదాపు ఏమీ లేదు. బస్టాండువి మామూలే. ఎక్కువ ఉన్నది ఒక్క చోటే. “అక్కడ ఎవరి ఇల్లు?” అని అడిగింది. మా ఇల్లని చెప్పాను. ఇంట్లో చిన్న పిల్లలున్నారా అని ఆమె అడిగింది.

తర్వాతి ఆదివారం కాటారంలో దిగినప్పుడు నేను ఇంటికి కూతురిలా వెళ్లలేదు, సోదాకు వచ్చినదానిలా వెళ్లాను. గోడల రంగు గీకి చూశాను. బోరు పైపులు చూశాను. వంటింట్లో గిన్నెలు, పసుపు డబ్బా, కుంకుమ భరిణె అన్నీ తెరిచాను. అవ్వ మంచం మీది నుంచి చూస్తూ, “మా ఇంట్ల ఏం పోయిందని గిట్ల దేవులాడుతున్నవ్ బిడ్డా” అంది. వదినె గడపలో నిలబడి పిల్లను గట్టిగా పట్టుకుంది. నేను దేనికోసం వెతుకుతున్నానో చెప్పలేదు. చెబితే దాచేస్తారని భయం వేసింది. నా వాళ్ల గురించి అలా అనుకోవడం అదే మొదటిసారి.

అంతలో పెరటి వైపు నుంచి ఒక ఘాటైన వాసన వచ్చింది. పశువుల కొట్టం వెనక్కి వెళ్లాను. అన్న కట్టెల పొయ్యి మీద ఇనుప మూకుడు పెట్టి ఏదో కరిగిస్తున్నాడు. పక్కన పగలగొట్టిన ట్రాక్టరు బ్యాటరీలు, వాటిలోంచి తీసిన నల్లటి పలకలు. కరిగి వెండిలా మెరుస్తున్నదాన్ని గరిటెతో ఎత్తి ఇనుప అచ్చులో పోస్తున్నాడు. చేపల వలకు కట్టే గుండ్లు. వాగుల మీద, గోదావరి మీద వలలు వేసేవాళ్లు వచ్చి షాపులో తీసుకుపోతారట. షాపు డల్లుగా ఉన్నప్పటి నుంచి మొదలుపెట్టాడు. నేను వచ్చే రోజుల్లో చేసేవాడు కాదు కనుక నాకు కనపడలేదు. ఈ మధ్య నేను చెప్పకుండా వస్తున్నాను.

“అన్నా, గీ మడ్డి, బూడిద ఏడ పోస్తున్నవ్?” అని అడిగాను.

“గీ పెరట్లనే. ఏడ పోస్త మరి?”

చూపించాడు. గోడ పక్కన, గోరింకలు దిగి పురుగులు ఏరుకునే చోటు. కోళ్లు గీరే చోటు. పిల్ల మట్టితో ఆడుకునే చోటు కూడా అదే.

ఈకల సంగతి చెప్పాను. పిల్ల కడుపునొప్పి దీనివల్లే కావచ్చునని చెప్పాను. అన్న గరిటె కింద పెట్టలేదు.

“సీసమేమన్న పామా చెల్లె, కరువనీకె? నాయిన కాలంల సుత వలలకు గుండ్లు పోసిన్రు. ఎవలకేం గాలె. నువ్వు మీ కాలేజీకి ఏదో రాసుకోనీకె నా ఇల్లే దొరికిందా?”

నా మీద ఆయన అనుమానం అది. పరిశోధన కోసం సొంత అన్నను బజార్లో పెడుతున్నానని. అప్పుడు వదినె వచ్చి నిలబడింది. మా మాటలన్నీ విన్నట్టుంది. లోపలికి పోయి ఒక చిన్న బుట్ట తెచ్చి నా ముందు బోర్లించింది. పిల్ల ఆడుకునే గురుగులు. చిన్న చిన్న పళ్లాలు, గిన్నెలు, ఒక చెంచా. అన్నీ సీసంతో పోసినవే. బిడ్డ మురిపెంగా అడిగితే అన్న చేసి ఇచ్చాడు. ఆ చెంచా మీద చిన్న పళ్ల గాట్లు ఉన్నాయి.

అన్న వాటిని చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కానీ తప్పయిందని అనలేదు. పొయ్యి కూడా ఆర్పలేదు. తర్వాత వదినె నాతో అంది, “తాయెత్తు గట్టినోడు ఏం జెప్పలె. గోలీలిచ్చినోడు ఏం జెప్పలె. నీ మాట సుత జూస్త. యాడికి పోవాలెనో చెప్పు.”

ఆమె నన్ను నమ్మి చెప్పిన మాట కాదది. ఇంకో దారి లేక అన్నది. నాకు అది చాలు.

మరునాడు పిల్లను తీసుకుని హనుమకొండ వెళ్లాం, వదినె, నేను. పిల్లల దవాఖానలో డాక్టరు చిన్నవాడు. రక్తంలో సీసం పరీక్ష చేయించాలని అడిగితే, మీకెలా తెలుసని అడిగాడు. గోరింకలను బట్టి అన్నాను. ఆయన నా వైపు, వదినె వైపు మార్చి మార్చి చూశాడు. మాకు మతి సరిగా ఉందా లేదా అని అనుమానించినట్టున్నాడు. నేను ఫోనులో పెరటి ఫోటోలు, గురుగుల ఫోటో చూపించాను. చెంచా మీద గాట్లు చూశాక రక్తం తీయించి హైదరాబాదు పంపించాడు.

ఫలితం వచ్చేవరకూ వదినె, పిల్ల జనగామలో నా దగ్గరే ఉన్నారు. ఆ రోజుల్లో వదినె నా ఇంట్లో ప్రతి గిన్నెనూ తిప్పి చూసేది. ఇది దేంతో చేసింది, ఇందులో ఏముంది అని. పిల్ల కోడిగుడ్డు అడిగితే ఇవ్వలేదు. ఇంటి దగ్గర కోళ్లు అదే బూడిద గీరి తిన్నాయి, ఆ గుడ్లే ఇన్నాళ్లూ బిడ్డకు పెట్టానని గుర్తొచ్చి ఒకసారి పంపు దగ్గర కూర్చుని ఏడ్చింది.

పిల్ల రక్తంలో సీసం ఎక్కువే ఉంది. సూదులు, పెద్ద మందులు అవసరమయ్యేంత లేదని, ముందు ఆ చోటు నుంచి దూరంగా ఉంచి, ఐరన్ మందు, పాలు, మంచి తిండి పెట్టి మళ్లీ పరీక్ష చేయిద్దామని డాక్టరు చెప్పాడు. తలకు ఏమైనా ఇబ్బంది అవుతుందా అని వదినె అడిగింది. త్వరగా కనిపెట్టారు, చూద్దాం అన్నాడు. ఆ ‘చూద్దాం’ అనే మాట ఆమె చాలాకాలం మోసింది.

అన్నకు ఫోనులో చెప్తే, “గా మిషిని సుత మీదే గదా” అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. కానీ వదినె పిల్లతో ఊరికి తిరిగి రానంది. పెరడు బాగయ్యేదాకా గడప తొక్కనని ఖరాకండిగా నాతో చెప్పించింది. తర్వాత అవ్వ చెప్పింది, అన్న రెండు పూటలు అన్నం తినకుండా పెరట్లో కూర్చున్నాడని, ఆ తర్వాత పారతో పైమట్టి గీకడం మొదలుపెట్టాడని. నేను వెళ్లేసరికి డ్రమ్ముల్లో నింపి మూతలు బిగించాడు. మట్టి తడిపి తీయమని, ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్తే అలాగే చేశాడు. ఆ డ్రమ్ములు ఎవరికి అప్పజెప్పాలో తెలియలేదు. అడిగిన ప్రతి ఆఫీసులో ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. చివరికి షాపు వెనక గది కట్టి, తాళం వేసి పెట్టాం. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అన్నకు కూడా రక్త పరీక్ష చేయించాం. ఆయనకు పిల్లకన్నా ఎక్కువ ఉంది. అది విన్నాక ఆయన యంత్రాన్ని తిట్టడం మానేశాడు.

నర్మెట్ట షెడ్డులో ఏం చేస్తారో నాకు ఇంతవరకూ తెలియదు. అక్కడి గోరింకల్లో సీసం లేదు నిజమే. నేను పరీక్షించింది కొన్ని లోహాల కోసం మాత్రమే. ఆ వాసన దేనిదో వాటితో తెలియదు. ఆ దారిన పోయినప్పుడల్లా బస్సు కిటికీ లోంచి ఆ రేకుల వంక చూస్తూనే ఉంటాను.

పిల్లకు కడుపునొప్పి తగ్గింది. తర్వాతి పరీక్షల్లో సీసం దిగుతూ వచ్చింది. చదువులో కాస్త నెమ్మది. అది సీసం వల్లో, పిల్ల తీరే అంతో ఎవరూ చెప్పలేకపోతున్నారు. వదినె నాతో మళ్లీ మామూలుగా ఉంటోంది. కానీ నేను సంచి తెరిస్తే ఇప్పటికీ ఏముందో చూస్తుంది. నేనూ చూపిస్తాను.

ఎండాకాలం మొదట్లో అన్నే ఫోన్ చేశాడు. తను గుండ్లు ఇచ్చిన వాళ్లకు చెప్పాలని, నన్నూ రమ్మన్నాడు. ఇద్దరం ఆయన బండి మీద గోదావరి ఒడ్డుకు వెళ్లాం. ఇసుకలో ఒక ముసలాయన కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. గుండుకు చీలిక చేసి, దారం మీద పెట్టి, పళ్ల మధ్య పెట్టుకుని కొరికి బిగిస్తున్నాడు. ఒకటి అయ్యాక ఇంకొకటి నోట్లో పెట్టుకున్నాడు. నేను మాట్లాడబోతే అన్న చెయ్యి అడ్డం పెట్టి తనే ఇసుకలో కూర్చున్నాడు.

“బాపు, అవి నోట్ల పెట్టకు. నేనే పోసిచ్చిన. మా పోరికి గవ్విటితోనే పానం మీదికొచ్చింది” అన్నాడు.

ముసలాయన గుండు నోట్లోంచి తీశాడు. అన్న వంక కాదు, నా వంక చూశాడు. నా చెప్పులు, నా చేతి సంచి, నా కళ్లజోడు చూశాడు.

“గీమె ఎవలు?” అని అడిగాడు.

చెల్లెలని అన్న చెప్పాడు. ముసలాయన ఆ గుండును వేళ్ల మధ్య దొర్లించాడు. తర్వాత గుండు బిగించడానికి పక్కనున్న పట్టకారు అందుకున్నాడు.